అభ్యంతరాలుంటే తెలుపగలరు

పన్నుల విషయంలో ప్రభుత్వం అభిప్రాయం అడిగిన ప్రతిసారీ ఒడిశాలోని మా గంజాం జిల్లా చిన్న వ్యాపారులు, లాడ్జీల యజమానులు పంపే ఉత్తరాల సారాంశం ఒకటే: ఈ పన్ను మాకు మోయలేని భారం, దయతో రద్దు చేయగలరు. బరంపురంలో వారి లెక్కలు చూసి రిటర్నులు దాఖలు చేసే వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక అలాంటి ఉత్తరాలు నా బల్ల మీదుగా చాలానే వెళ్లాయి. వాటికి జవాబు వచ్చిన సందర్భం నాకు గుర్తు లేదు. రావడానికి వాటిలో జవాబు చెప్పవలసిన మాట కూడా లేదు. పన్ను భారమన్న సంగతి వేసేవారికి తెలియక కాదు. వారికి తెలియనిది కౌంటరు దగ్గర జరిగే పని. ఆ పన్నును ఏ క్షణంలో, ఏ కాగితం మీద, ఎవరి చేతినుంచి తీసుకోవాలి, అక్కడ ఏ తిరకాసు వస్తుంది అన్నది వసూలు చేసేవాడికే తెలుస్తుంది. అది రాసిన ఉత్తరానికి అధికారి ఏదో ఒక సమాధానం వెతుక్కోవలసి వస్తుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఆ ఉత్తరంలో ఏమి ఉండాలన్నదే.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఒడిశా ప్రభుత్వం 2022లో కొత్త పర్యాటక విధానం తెచ్చిన తరువాత గోపాలపురం, రంభ, తంపరా, తప్తపాణి, గజపతి జిల్లా మహేంద్రగిరి వంటి చోట్ల గురించి మాటలు పెరిగాయి. జనం పెరిగితే చెత్త పెరుగుతుంది, నీటి వాడకం పెరుగుతుంది, బళ్లు నిలపడానికి చోటు చాలదు. ఆ ఖర్చు ఎవరు భరించాలని అడిగితే ఎవరికైనా వెంటనే తోచే జవాబు, వచ్చినవాడి దగ్గర తీసుకుందామని. దేశంలోనూ బయటా చాలా చోట్ల ఆ జవాబే అమలవుతోంది. మన దగ్గర అలాంటి ముసాయిదా ఏదైనా వచ్చిన నాడు సిద్ధంగా ఉండడానికి, ఇంతవరకు మనం కడుతున్న పన్నుల నుంచి నేర్చుకోవలసినది కొంత ఉంది.

అమ్మకం పన్ను పుట్టుకతో మా జిల్లాకు ఒక చిత్రమైన సంబంధం ఉంది. గంజాం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజున ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడి బరంపురం ఇటు వచ్చింది. ఆపైన మూడేళ్లకు, 1939లో, మద్యనిషేధం వల్ల పోయే రాబడిని పూడ్చుకోవడానికి రాజాజీ ప్రభుత్వం సాధారణ అమ్మకం పన్నును దేశంలోనే మొదటిసారిగా మద్రాసు ప్రాంతంలో ప్రవేశపెట్టింది. మద్రాసులోనే ఉండిపోయిన ఇచ్ఛాపురం వ్యాపారి ఆ పన్నులో చిక్కుకోగా, ఒక్క పూటలో వెళ్లి రాగలిగిన దూరంలోని బరంపురం వ్యాపారికి 1947లో ఒడిశా అమ్మకం పన్ను చట్టం వచ్చేవరకు ఆ బెడద లేకపోయింది. ఆ మద్రాసు చట్టాన్ని ప్రశ్నిస్తూ నూనెలు, నూనె తీయగా మిగిలే చెక్క తయారుచేసి అమ్మే బొడ్డు పైడన్న అండ్ సన్స్ అనే మన తెలుగు వ్యాపార సంస్థ వేసిన దావా ఫెడరల్ కోర్టు దాకా వెళ్లింది. తయారుచేసినవాడే తన సరుకును మొదటిసారి అమ్మినప్పుడు పడే పన్ను తయారీ మీద వేసే ఎక్సైజు సుంకమా, అమ్మకం పన్నా అన్నది తగాదా. అది అమ్మకం పన్నేనని 1942లో కోర్టు తేల్చింది. పైడన్నగారి సంస్థ ఓడిపోయిందిగాని వారు వేసిన ప్రశ్న మాత్రం సరైనది. పన్ను ఎంత అని వారు అడగలేదు. ఏ క్షణంలో, ఎవరి మీద తగులుకుంటుందని అడిగారు.

ఆ తరువాతి కాలం పన్ను మా వాళ్లకు రోడ్డు మీద కనిపించేది. జాతీయ రహదారి మీద ఒడిశా వైపు గిరిసోలా గేటు, ఆంధ్ర వైపు పురుషోత్తపురం చెక్‌పోస్టు. లారీలు బారులు తీరేవి, కాగితాలు చేతులు మారేవి. రాష్ట్రాల మధ్య అమ్మకాలకు, కొన్నవాడు తన పన్ను కార్యాలయం నుంచి తెచ్చి ఇచ్చే సీ ఫారం ఉంటే కేంద్ర అమ్మకం పన్ను తక్కువ రేటుకు వచ్చేది. ఆ రేటు 4 శాతం నుంచి 2007లో 3కి, 2008లో 2కి దిగింది. ఫారం తెచ్చి ఇవ్వని కొనుగోలుదారు వల్ల, అమ్మినవాడు తేడా సొమ్ము తన జేబులోంచి కట్టుకున్న ఉదంతాలు మా బజారులో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ గేట్ల దగ్గర పన్ను తనిఖీ పోయింది, 50,000 రూపాయలు దాటిన సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకోవలసిన ఈ-వే బిల్లు అనే పత్రం వచ్చింది. పెట్రోలు, డీజిలు, మద్యం మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే రాష్ట్రాల పన్ను కింద ఉన్నాయి కనుక సరిహద్దు దాటితే ధర మారుతుంది. ఆంధ్ర నుంచి వచ్చే బళ్లు ఒడిశా వైపు బంకుల దగ్గర ఎందుకు ఆగుతాయో మా ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు.

గేటు దగ్గరి అధికారి చేసే పని ఇప్పుడు దుకాణంలో, లాడ్జీ కౌంటరులో కూర్చున్నవాడు చేస్తున్నాడు. పన్ను భరించేవాడు అతిథి, తీసుకునేది ప్రభుత్వం, మధ్యలో నిలబడి వసూలు చేసేవాడు యజమాని. ఈ వసూలుకు అతనికి కమీషను లేదు. నెల రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టవలసిన సొమ్ము మీద ఏడాదికి 18 శాతం వడ్డీ మాత్రం ఉన్నాయి. జీతం లేని ఈ వసూలు ఉద్యోగికి నిబంధనలు ఎన్నిసార్లు మారాయో ఒక్క గది అద్దె విషయంలోనే చూడవచ్చు.

2017లో 1,000 రూపాయల లోపు గదికి పన్ను లేదు. అక్కడి నుంచి 2,500 లోపు 12 శాతం, 7,500 లోపు 18, ఆపైన 28. మొదట్లో ఈ లెక్కకు ఆధారం గోడ మీద ప్రకటించిన అద్దె, అతిథి నిజంగా ఇచ్చిన సొమ్ము కాదు. అంటే గిరాకీ లేని వర్షాకాలంలో 2,600 గదిని 1,800కి ఇచ్చినా 18 శాతమే వసూలు చేయాలి. ఏడాది తరువాత, 2018 జులైలో, నిజంగా తీసుకున్న సొమ్మే ఆధారమని మార్చారు. 2019 అక్టోబరు 1 నుంచి 7,500 వరకు 12 శాతం, ఆపైన 18 అయింది. 2022 జులై 18న 1,000 లోపు గదికి ఉన్న మినహాయింపు తీసివేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 వరకు 5 శాతం చేశారు. ప్రతి మార్పుకూ బిల్లు పుస్తకమో కంప్యూటరు ప్రోగ్రామో మారాలి, ముందే సొమ్ము కట్టి గది తీసుకున్నవారికి ఏ రేటు వర్తిస్తుందో తేల్చుకోవాలి, కౌంటరు కుర్రాడికి మళ్లీ నేర్పాలి.

చివరి మార్పు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పైకి అది అందరికీ మేలులా కనిపించింది. పత్రికలన్నీ పన్ను 12 నుంచి 5కి తగ్గిందని రాశాయి, అది నిజమే. కాని ఆ 5 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ లేని 5 శాతం. పాత పద్ధతిలో యజమాని తాను కొన్న వస్తువులకు, సేవలకు కట్టిన పన్నును, తాను వసూలు చేసిన పన్నులోంచి తగ్గించుకునేవాడు. ఇప్పుడు ఆ వీలు లేదు, పాత పద్ధతిలోనే ఉంటానని ఎంచుకునే అవకాశమూ లేదు. 2,000 రూపాయల గదిని ఆన్‌లైన్ బుకింగు సంస్థ ద్వారా ఇచ్చి, ఆ సంస్థకు 400 కమీషను చెల్లించే యజమానిని ఊహించండి. ఆ కమీషను మీద 18 శాతం, అంటే 72 రూపాయల జీఎస్టీ అతను కడతాడు. ఇదివరకు అతిథి దగ్గర 240 తీసుకుని, 72 మినహాయించుకుని 168 ప్రభుత్వానికి జమ చేసేవాడు. ఆ 72 అతని ఖర్చు కాదు. ఇప్పుడు అతిథి దగ్గర 100 తీసుకుని మొత్తం 100 జమ చేస్తాడు, 72 అతని సొంత ఖర్చయిపోయింది. కొత్తగా ఏసీలు, పరుపులు కొన్నవాడికి ఈ నష్టం ఇంకా ఎక్కువ. ఏ కొనుగోళ్లూ లేకుండా పాత గదులనే నడుపుకుంటూ, అతిథులను నేరుగా తీసుకునే లాడ్జీకి మాత్రం నిజంగానే మేలు జరిగింది. ఒకే నిబంధన ఒకే వీధిలోని రెండు లాడ్జీల మీద రెండు రకాలుగా పనిచేస్తుందన్న సంగతి ఎవరైనా ముందుగా అడిగి ఉంటే కౌంటరు దగ్గరివారు చెప్పగలిగేవారే. మా బంధువు ఒకాయన, వరసకు మావయ్య, ఈ లెక్క నా దగ్గర చూసుకుని, "పన్ను తగ్గింది కదా, అద్దె తగ్గించరేమని అతిథి అడుగుతున్నాడు, వాడికి ఈ డెబ్బై రెండు ఎలా చెప్పనురా అబ్బాయ్?" అన్నాడు.

ఈ రేట్లను సిఫారసు చేసేది జీఎస్టీ మండలి. కేంద్ర ఆర్థిక మంత్రి, రాష్ట్రాల మంత్రులు అందులో సభ్యులు. ఓటులో కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతుల బరువు, తీర్మానానికి నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. అక్కడ సంప్రదింపులు జరగవని అనలేము, మంత్రుల బృందాలు నెలల తరబడి కూర్చుంటాయి. కాని అవి ప్రభుత్వాల మధ్య సంప్రదింపులు. ప్రజల ముందు ముసాయిదా పెట్టి అభిప్రాయం అడిగిన సందర్భాలూ ఉన్నాయి: 2016 జూన్‌లో నమూనా చట్టాన్ని, 2018 జులైలో కొత్త రిటర్ను పత్రాలను అలా బయట పెట్టారు. ఆ రెండూ మంచి పనులే. రేటు మార్పులకు మాత్రం ఆ అలవాటు లేదు. ముందే చెబితే వ్యాపారులు సరుకు దాచుకుంటారని ఒక వాదన ఉంది, వస్తువుల విషయంలో అది కొంత నిజం. గదిని దాచుకోవడం ఎలాగో నాకు అర్థం కాదు.

సరిహద్దువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. విశాఖపట్నం నుంచో శ్రీకాకుళం నుంచో పని మీద వచ్చి బరంపురం లాడ్జీలో దిగిన కంపెనీ ఉద్యోగి, తమ సంస్థ జీఎస్టీ సంఖ్య ఇచ్చి ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య సరఫరాల మీద పడే జీఎస్టీ, వేసిన బిల్లు అడుగుతాడు. ఆ సంఖ్య 37తో మొదలవుతుంది, అది ఆంధ్రప్రదేశ్. మన లాడ్జీది 21, ఒడిశా. రెండు రాష్ట్రాలు కనుక ఐజీఎస్టీ పడాలని అతని వాదన, కౌంటరు కుర్రాడికీ అది సబబుగానే తోస్తుంది. కాని స్థిరాస్తికి సంబంధించిన సేవలకు, గది అద్దెతో సహా, సరఫరా జరిగిన చోటు ఆ కట్టడం ఉన్న చోటేనని చట్టం చెబుతుంది. కనుక పన్ను సగం కేంద్రానికి, సగం ఒడిశాకు పోవాలి; ఒడిశాలో నమోదు లేని ఆ ఆంధ్ర కంపెనీకి దాని మీద క్రెడిట్ రాదు. పొరపాటున ఐజీఎస్టీ కట్టినవాడు సరైన పన్ను మళ్లీ కట్టి, ముందు కట్టినదాన్ని వాపసు అడగాలి. దానికి వడ్డీ వేయరుగాని, రెండుసార్లు సొమ్ము బయటికి వెళ్లడం చిన్న లాడ్జీకి తక్కువ కష్టం కాదు. దేశం మధ్యలో ఉన్న ఊరికి అప్పుడప్పుడు ఎదురయ్యే ఈ సంగతి మాకు రోజువారీ వ్యవహారం. అయినా మా వాళ్లు పంపే ఉత్తరాల్లో దీని ప్రస్తావన కనబడదు.

ఇక పర్యాటక పన్ను. జీఎస్టీకి ముందు గది మీద విలాస పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లోనూ మహారాష్ట్రలోనూ 1987 నాటి చట్టాలు అందుకోసం వచ్చినవే. 2016లో 101వ రాజ్యాంగ సవరణ ఆ అధికారాన్ని తీసివేసింది. రాష్ట్రాల జాబితాలో 62వ అంశం కింద ఇప్పుడు మిగిలినది, పంచాయతీలు, పురపాలక సంస్థలు వంటివి వేసి వసూలు చేసుకునే మేరకు వినోదాల మీద పన్ను మాత్రమే. కనుక మన దగ్గర పర్యాటకుడి మీద కొత్తగా ఏదైనా వచ్చేటట్లయితే అది చాలావరకు రుసుము రూపంలో, స్థానిక సంస్థ ద్వారానో ఏదైనా ప్రత్యేక నిబంధన కిందనో వస్తుంది. రుసుముకూ పన్నుకూ తేడా ఉంది. రుసుము తీసుకున్నవారు దానికి తగిన సేవ చూపించాలని 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్ని తరువాతి తీర్పులు కొంత సడలించినా, సొమ్ము దేనికి ఖర్చవుతుందని అడిగే హక్కు రుసుము దగ్గర బలంగా ఉంటుంది. ఢిల్లీ మండలి ముందు మా గోపాలపురం లాడ్జీ యజమాని మాట వినిపించడం కష్టం. ఊరి పాలన చూసే ఎన్‌ఏసీ (నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్) కార్యాలయం మెట్లు అతను ఎక్కగలడు.

ఇతర చోట్ల ఇది ఎలా నడుస్తోందో చూస్తే వసూలు చేసే చోటే అసలు ప్రశ్న అని తెలుస్తుంది. సిక్కింలో 2025 నుంచి పర్యాటకుడి దగ్గర 50 రూపాయలు తీసుకుంటున్నారు, అది 30 రోజులకు చెల్లుతుంది, వసూలు చేసేది హోటలువారు. మొదటి హోటలులో కట్టిన రసీదు పోగొట్టుకున్నవాడు రెండో హోటలు కౌంటరు దగ్గర ఏమంటాడో ఊహించడానికి నాకు సిక్కిం వెళ్లనక్కరలేదు. మనాలీలో బయటి రాష్ట్రాల వాహనాల దగ్గర హరిత పన్ను రోడ్డు మీదే తీసుకుంటారు, హోటలువారికి దానితో పని లేదు. భూటాన్ మనవారి దగ్గర రాత్రికి 1,200 రూపాయలు తీసుకుంటుంది. మిగిలిన చాలా దేశాలవారికి 2022లో 200 డాలర్లు చేసి, మరుసటి ఏడాదే 100కి తగ్గించవలసి వచ్చింది.

సంప్రదింపుల పద్ధతికి మాత్రం బ్రిటన్ వైపు చూడవచ్చు. పర్యాటకుల బస మీద పన్ను గురించి వేల్స్ ప్రభుత్వం 2022 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు ప్రజల అభిప్రాయాలు తీసుకుంది. చట్టం అయినది 2025లో. పన్ను కట్టే బాధ్యత అతిథిదా, బస ఇచ్చేవారిదా అన్నది కూడా వారు అడిగిన ప్రశ్నల్లో ఒకటి. చివరకు ఆ బాధ్యతను బస ఇచ్చేవారి మీదే పెట్టారు, అయినా అడిగిన తరువాత పెట్టారు. మనిషికి రాత్రికి 1.30 పౌండ్లు, గుడారాలు, హాస్టళ్ల వంటి వాటికి 80 పెన్నీలు. వేయాలా వద్దా అన్నది ఆయా స్థానిక మండళ్ల ఇష్టం. స్కాట్లాండ్ 2024 చట్టం ప్రకారం మండలి ముందు స్థానికులను సంప్రదించాలి, నిర్ణయం ప్రకటించాక అమలుకు కనీసం 18 నెలల వ్యవధి ఇవ్వాలి. ఎడిన్‌బరో నగరం 5 శాతం పన్ను వేయాలని 2025 జనవరిలో నిర్ణయించి 2026 జులై 24ను అమలు తేదీగా పెట్టింది. ఆ పన్ను మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను దిగను. ఆ 18 నెలలు మాత్రం నాకు అసూయ కలిగించాయి.

రేపు గోపాలపురంలో రాత్రికి మనిషికి 50 రూపాయలో, గదికి 100 రూపాయలో తీసుకోవాలన్న ముసాయిదా వచ్చిందనుకుందాం. నా దగ్గరికి వచ్చే యజమానుల తరఫున నేను రాసే మొదటి అంశం జీఎస్టీ చట్టం 15వ సెక్షను గురించి ఉంటుంది. వేరే ఏ చట్టం కింద వసూలు చేసే పన్ను, సుంకం, రుసుము అయినా, అమ్మేవాడు దాన్ని విడిగా చూపించి వసూలు చేస్తే అది కూడా సరఫరా విలువలో భాగమేనని ఆ సెక్షను అంటుంది. కనుక లాడ్జీ బిల్లులో చేర్చిన స్థానిక రుసుము మీద కూడా జీఎస్టీ పడే ప్రమాదం ఉంది. అద్దె 7,450 ఉన్న సముద్రపు ఒడ్డు హోటలులో 100 రూపాయల రుసుము చేరితే విలువ 7,500 దాటుతుంది, రేటు 5 నుంచి 18కి ఎగబాకుతుంది, అదీ మొత్తం సొమ్ము మీద. జీఎస్టీ నియమాల్లోని 33వ నిబంధన కింద ఇతరుల తరఫున కేవలం ఏజెంటుగా వసూలు చేసినదానికి మినహాయింపు ఉంది. కాని ఆ మినహాయింపు దొరకాలంటే, రుసుము కట్టవలసిన బాధ్యత అతిథిదేనని, లాడ్జీ దాన్ని వసూలు చేసి జమ చేసేది మాత్రమేనని స్థానిక నిబంధనలోనే స్పష్టంగా రాసి ఉండాలి. ముసాయిదాలో ఒక్క వాక్యం చేరిస్తే పోయే చిక్కు ఇది. నిబంధన గెజిట్‌లో అచ్చయ్యాక ఇదే వాక్యం కోసం ఏళ్లతరబడి తిరగాలి.

రెండోది, పర్యాటకుడు ఎవరన్నది. బరంపురం లాడ్జీలలో దిగేవారిలో సముద్రం చూడడానికి వచ్చినవారు కొందరే. ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఉన్న రోగుల బంధువులు ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి వైపుల నుంచి వచ్చి రోజుల తరబడి ఉంటారు. పట్టుచీరల బేరానికి వచ్చేవారుంటారు, పోటీ పరీక్షలకు వచ్చే పిల్లలుంటారు. గది మీద రుసుము వేస్తే వీరందరూ పర్యాటకులైపోతారు. మరోవైపు, గోపాలపురం తీరంలో డిసెంబరు, జనవరి వనభోజనాల రోజుల్లో పేరుకునే విస్తళ్లు, సీసాలు చాలామటుకు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేవారివి. బరంపురం నుంచి 16 కిలోమీటర్లు. వారెవరూ గది తీసుకోరు. తీరం శుభ్రత కోసమని చెప్పి, తీరం పాడుచేయని రోగి చెల్లెలి దగ్గర సొమ్ము తీసుకోవడం ఎవరి ఉద్దేశమూ కాకపోవచ్చుగాని, గదిని ఆధారంగా పెట్టుకుంటే ఫలితం మాత్రం అదే అవుతుంది. బళ్లు నిలిపే చోట వాహనానికి ఇంత అని తీసుకుంటే ఈ అన్యాయం తగ్గుతుంది. అప్పుడు వేలంపాట పాడుకున్న గుత్తేదారు, అతని రసీదు పుస్తకం, అతని మనుషుల మాటతీరు అనే వేరే సమస్య మొదలవుతుంది. రెండింటిలో నేను వాహనం వైపే మొగ్గుతాను.

వ్యవధి గురించి ఒక మాట చాలు: దసరాకు, కార్తీకానికి బెంగాలు నుంచి వచ్చేవారు నెలల ముందే గదులు తీసుకుంటారు కనుక, అమలు తేదీకి ముందు ఖాయమైన బుకింగులకు రుసుము ఉండదని ముసాయిదాలోనే చెప్పాలి.

ఇవన్నీ ఎప్పుడు, ఎవరికి చెప్పాలన్నదానికి కూడా దారి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2014లో తీసుకున్న విధాన నిర్ణయం ప్రకారం చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. అది కేంద్ర శాఖలకు సంబంధించినది, మినహాయింపులకూ వీలున్నది. అంతకన్నా పాతది, గట్టిది జనరల్ క్లాజుల చట్టం, 1897లోని 23వ సెక్షను. ముందుగా ప్రచురించి నియమాలు చేయాలని ఏ కేంద్ర చట్టమైనా చెప్పినప్పుడు, ముసాయిదా ప్రచురించాలి, ఫలానా తేదీ తరువాత పరిశీలిస్తామని ప్రకటించాలి, ఆలోగా వచ్చిన అభ్యంతరాలను, సూచనలను పరిశీలించాలి. రాష్ట్ర చట్టాలకు రాష్ట్రపు క్లాజుల చట్టం ఉంది. కనుక నోటీసు అడుగున కనిపించే "అభ్యంతరాలుంటే తెలుపగలరు" అన్న వాక్యం మర్యాదకు రాసినది కాదు. తేదీలోగా అందిన కాగితాన్ని చూడవలసిన బాధ్యత దాని వెనుక ఉంది. తేదీ దాటిన కాగితానికి ఆ బలం లేదు. సంఘం తరఫున ఒకే ఉత్తరం మీద అందరూ సంతకాలు చేయడం కన్నా, ఒక్కో లాడ్జీ తన బిల్లు నమూనా జతచేసి విడివిడిగా పంపడం మేలని నా అభిప్రాయం. సంఘం పెద్దలకు ఈ మాట నచ్చదు.

అసలు నోటీసు కంటపడడమే మావాళ్లకు మొదటి కష్టం. ముసాయిదాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తాయి. గోపాలపురంలో, బరంపురం పాతపేటల్లో తెలుగు మాత్రమే చదవగల యజమానులు ఇంకా ఉన్నారు. భాషాపరమైన అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం ఉన్న చోట ముఖ్యమైన నోటీసులను, నిబంధనలను వారి భాషలో కూడా ప్రచురించడం మంచిదని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రంలో సూచన ఉంది. సూచన కనుక అడిగేవారుంటేనే అది కదులుతుంది. జవాబు మాత్రం తెలుగులో ఇవ్వవచ్చు. ఫిర్యాదు పరిష్కారం కోసం ఏ అధికారికైనా, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి మనిషికీ ఇచ్చింది. తెలుగులో రాస్తే బుట్టదాఖలవుతుందన్న భయంతో తమకు పట్టులేని భాషలో రెండు ముక్కలు రాయించి పంపడం వల్లనే మన ఉత్తరాలు "భారం, రద్దు చేయగలరు" దగ్గర ఆగిపోతున్నాయని నాకు అనిపిస్తుంది. కౌంటరు దగ్గర జరిగే పనిని ఆ పని చేసేవాడు తన మాటల్లో చెప్పగలిగినంత బాగా, అద్దెకు తెచ్చుకున్న భాషలో నేను కూడా రాయలేను.

ఇచ్చిన విన్నపం ఏమయిందో తెలుసుకోవాలంటే మాత్రం తెలుగు పనికిరాదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలని ఆ చట్టం 6వ సెక్షను అంటుంది. ఒడిశాలో అయితే 10 రూపాయల రుసుముతో ఫారం ఏ నింపాలి. అదే చట్టం 4వ సెక్షను, ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్య విధానాలు తయారుచేసేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని, నిర్ణయాలకు కారణాలను ప్రభావితులైనవారికి తెలపాలని కూడా చెబుతుంది. అందుకని నా దగ్గరికి వచ్చేవారితో విన్నపం తెలుగులోనే రాయిస్తున్నాను, దాని కింద ఇంగ్లీషు సారాంశం జతచేస్తున్నాను, రెండో ప్రతి మీద తేదీతో కార్యాలయపు ముద్ర వేయించుకుని రమ్మంటున్నాను. గడువు ముగిసిన మరునాడే ఫారం ఏ పంపవచ్చు. అందులో అడగవలసినవి మూడే: ఎన్ని అభ్యంతరాలు వచ్చాయి, వాటిని ఎవరు చూశారు, దస్త్రంలో వాటి మీద ఏమని రాశారు.